అంతర్జాలంలో తెలుగు రాత: బహిరంగ భాగస్వామ్యం, సమష్టి ఆవిష్కరణ – ఒక పరిశీలన

ఆలోచనను అంతర్జాలంలో పెట్టినంత మాత్రాన సహకారం పుట్టదు. దాన్ని మరొకరు విప్పి చూసుకొని, మార్చుకొని, తమ పనిలో కలుపుకొనే వీలుండాలి. కంప్యూటర్లో తెలుగు రాత ఎదిగిన తీరు ఇందుకు బలమైన ఆధారం. ఆ క్రమాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అందరి ముందూ ఉంచిన నియమాలు

1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. ఇంగ్లిషు కీబోర్డు మీద చిన్న ‘ఎన్’ కొడితే న, పెద్ద ‘ఎన్’ కొడితే ణ. చిన్న ‘ఎల్’కు ల, పెద్ద ‘ఎల్’కు ళ. నియమాలు బహిరంగంగా ఉండడంతో ఎవరైనా నేర్చుకోగలిగారు, వాటి ఆధారంగా కొత్త ఉపకరణాలు తయారుచేయగలిగారు.

మూసిన ఫాంట్లు, తెరిచిన సాధనాలు

అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, చాలాకాలం పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లనే వాడాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపించేవి. తెలుగులో వెతికితే ఏదీ దొరికేది కాదు.

అలాంటి ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేందుకు వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అనే ఉపకరణం ఈ చిక్కును విప్పింది. అందులోని శ్రమ తెలియడానికి ‘శక్తి’ అనే మాట చాలు. పాత ఫాంట్లలో అది కంటికి కనిపించే వరుసలో ఉంటుంది: శ, కి, ఆపై తవత్తు. యూనికోడ్‌లోనేమో శ, క, పొల్లు, త, చివర గుడి. అంటే గుర్తులను మార్చడంతో సరిపోదు, వరుసనూ సరిచేయాలి. పైగా ఫాంటు పట్టిక బయట లేనప్పుడు ఒక్కో గుర్తునూ పోల్చి చూసి పట్టిక కట్టుకోవలసిందే. దాపరికానికి చెల్లించే మూల్యం ఇది.

పద్మను మూలసంకేతంతో సహా విడుదల చేశారు కాబట్టే, వీవెన్ దాని ఆధారంగా ‘లేఖిని’ని నిర్మించగలిగారు. ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండానే బ్రౌజరులో తెలుగు రాసే వీలు కలిగింది. నాగార్జున చొరవతోనే 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు, బ్లాగులకు ఈ సాధనం ఊతమైంది. తర్వాత సిలికానాంధ్ర సంస్థ ‘మండలి’, ‘రామభద్ర’ వంటి యూనికోడ్ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో అందించింది.

ముగింపు

ఈ పరిణామాన్ని ఒక్క సంస్థ పథకం వేసి నడపలేదు. ఒకరు వదిలిన చోట మరొకరు అందుకున్నారు. అలా అందుకోగలగడానికి కారణం ప్రతిభ ఒక్కటే కాదు, మార్చుకొనే హక్కు కూడా. నేటికీ తెలుగు పుస్తకాలెన్నో యూనికోడేతర ఫాంట్లలో అచ్చవుతున్నాయి. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, ప్రచురణ సంస్థలు తమ నిఘంటువులను, పరిశోధన గ్రంథాలను యూనికోడ్‌లో, పునర్వినియోగానికి అనుమతించే లైసెన్సుతో విడుదల చేయాలి. తెలుగులో రాబోయే ఆవిష్కరణలకు కావలసిన ముడిసరుకు అదే.