చిగుళ్లకు మూలికల పేస్ట్ మంచిదా, మామూలుదా?

ఆదోని, ఎమ్మిగనూరు అంగళ్లలో వేప, లవంగం, మిస్వాక్ పేర్లున్న పేస్టులు మామూలు వాటి పక్కనే దొరుకుతాయి. చిగుళ్ల నుంచి రక్తం వస్తే చాలామంది ముందు పేస్టే మారుస్తారు. కానీ ఎక్కువమందిలో అసలు కారణం పంటి మొదట్లో పేరుకునే పాచి. దాన్ని తీసేది బ్రష్షే, పేస్ట్ ఏదైనా సాయం మాత్రమే. పాచి గట్టిపడి గారైతే ఏ పేస్టుతోనూ పోదు, డాక్టర్ క్లీనింగ్ చేయాల్సిందే. దాంతో పళ్లు వదులైపోతాయని మన ఇళ్లల్లో భయం. గార పోయాక సందులు కనిపిస్తాయి, అంతే.

పెట్టె మీద చూడాల్సింది ఫ్లోరైడ్. పుచ్చు రాకుండా కాపాడేది అదే. చాలా మూలికల పేస్టుల్లో ఉండదు. 3 ఏళ్లు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత చాలు, మింగనివ్వొద్దు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఇంకా జాగ్రత్త.

మిస్వాక్ సున్నత్, మానక్కర్లేదు. కొన మెత్తగా నమిలి, పళ్ల లోపలివైపు కూడా తోమితే పాచి బాగానే పోతుంది. రాత్రి పడుకునే ముందు మాత్రం ఫ్లోరైడ్ పేస్ట్ వాడండి.

పొగాకు మంజన్ అసలొద్దు. పళ్లపొడి, పేస్టుల్లో పొగాకును కేంద్రం 1992లోనే నిషేధించింది. రెండు వారాలు సరిగ్గా తోమినా రక్తం ఆగకపోతే పళ్ల డాక్టర్‌కు చూపించండి, షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.