పంకా హోరు: ఒక చరిత్ర

ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి 1514లో గెలుచుకొనెను. ముట్టడి ఏడాదికి పైగా సాగినది. ఎంత బలమైన కోటయైనను దారులు మూసికొనిపోయినచో చిరకాలము నిలువజాలదు. మన యిండ్లలోని కంప్యూటరుకును ఇదియే వర్తించును. దాని శత్రువు వేడి. దాని దారి గాలి.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వేసవి నెఱిగినవారికి గాలి విలువను వేఱుగా చెప్ప నక్కఱలేదు. తాటాకు విసనకఱ్ఱ, నీరు చల్లిన వట్టివేళ్ల తడిక, కచేరీలలో త్రాడుపట్టి లాగిన పంకా మన పూర్వుల సాధనములు. విసనకఱ్ఱయు పంకాయు గాలిని చల్లబఱచవు. ఒంటి చెంత వేడెక్కిన గాలిని తొలగించి క్రొత్తగాలిని తెచ్చును. 1882లో అమెరికాలో స్కైలర్ వీలర్ విద్యుత్తుతో తిరుగు బల్లపంకాను నిర్మించినప్పుడును ఈ సూత్రము మాఱలేదు.

1946లో లోకమునకు ప్రకటింపబడిన ఎనియాక్ అను గణనయంత్రములో సుమారు 18,000 వాల్వులుండెను. పాత రేడియోలలో వెలిగినవి అట్టివే. అది వాడిన విద్యుత్తు సుమారు 150 కిలోవాట్లు. అదంతయు వేడిగా మాఱెడిది. అందుచే గాలిని బలముగా తోలు యంత్రములను దానికి అమర్చిరి. 1960లో బొంబాయి టాటా పరిశోధనసంస్థలో పూర్తియైన టిఫ్రాక్‌లోను రెండు వేలకు పైగా వాల్వులుండెను. 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. స్థాపింపబడునాటికి ట్రాన్సిస్టరు వచ్చి వేడిని తగ్గించినది. కాని ఆ ఊఱట నిలువలేదు. 1993 నాటి పెంటియమ్ చిప్పులో 31 లక్షల ట్రాన్సిస్టర్లు ఇమిడెను. వేడి మరల ఒక్కచోట పోగుపడెను. చిప్పు నెత్తిన చిన్నపంకా క్రమముగా సర్వసాధారణమైనది.

నేటి కంప్యూటరులోని ఉష్ణమాపకము వేడి పెరిగిన కొలది పంకా వేగమును పెంచును. వేగము రెట్టింపైనచో గాలి రెట్టింపే వచ్చును. తినెడి విద్యుత్తు మాత్రము ఎనిమిదింతలగును, చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు హెచ్చును.

హోరు వినబడినప్పుడు మొదట యంత్రము చేయు పనిని చూడవలెను. భారమైన పని ముగియగనే హోరు తగ్గినచో చింతలేదు. ఏ పనియు లేకయే హోరెత్తినచో తెరచాటున నడచు ప్రోగ్రామును వెదకి ఆపవలెను. పిమ్మట గాలిదారులు. పరుపుపై నుంచిన ల్యాప్‌టాప్‌కు అడుగు రంధ్రములు మూసికొనిపోవును. లోహపు రెక్కల నడుమ దుమ్ము పేరుకొన్నచో, యంత్రము నాపి, తీగ తొలగించి, పంకా తిరుగకుండ పట్టుకొని, మెత్తని కుంచెతో దులుపవలెను. అప్పటికిని వేడి తగ్గనిచో చిప్పునకును లోహపుదిమ్మెకును నడుమ నున్న లేపనము ఎండియుండవచ్చును. అది తెలిసిన పనివానికి అప్పగింపదగినది. గరగర వినవచ్చినచో బేరింగు అఱిగినదనుకొని పంకాను మార్చవలెను. చిప్పు చల్లగా నుండియు పంకా పూర్తివేగముతో తిరిగినచో ఉష్ణమాపకమునో, పంకా తీగనో శంకింపవలెను.

చప్పుడు భరింపలేక పంకానే ఆపుట తగదు. 1980లో ఆపిల్ సంస్థ తన ఆపిల్ త్రీ యంత్రమును పంకా లేకయే విడుదల చేసినది. అది తఱచు చెడుచున్నదని అపకీర్తి పాలైనది. నేటి యంత్రము వేడి హద్దు మీఱినచో తన్ను కాపాడుకొనుటకై హఠాత్తుగా ఆగిపోవును. భద్రపఱచని లెక్కలును, పిల్లవాడు రాత్రియంతయు వ్రాసిన పాఠమును దానితోడనే పోవును. కావలివాడు కేక వేసినప్పుడు లేచి గోడలు చూచిరావలెను.