మాధవరం లెక్క
తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఎవరూ ఉత్త మాధవరం అనరు, మిలిటరీ మాధవరం అంటారు. పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్న ఊరది. పదిహేడో శతాబ్దంలో పూసపాటి మాధవవర్మ అనే రాజు ఆరుగొలను కోట కాపలాకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి యోధుల్ని తెచ్చి ఇక్కడ నిలిపాడని పెద్దలు చెబుతారు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి 90 మంది, రెండోదానికి 1110 మంది వెళ్లారన్నది ఊరివాళ్లు చెప్పే లెక్క. హైస్కూల్లో చరిత్ర చెప్పే రోజుల్లో ఈ రెండంకెలూ బోర్డు మీద రాసి, ఇంత పెరగడమేమిట్రా అని అడిగేవాణ్ణి. "జనాభా పెరిగిందండి" అనేవారు పిల్లలు.

జనాభా ఒక్కటే కాదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. కంపెనీకి రాజ్యం సంపాదించిపెట్టిన సిపాయిల గురించి అన్న మాట అది. నాకు ఇప్పటికీ కోపమే. ఆ వాదం పట్టుకుని మన వైపు పటాలాలను తగ్గిస్తూ వచ్చారు. మొదటి యుద్ధంలో అవసరం పడి తీసుకున్నారు. అది ముగిశాక 1920ల్లో మద్రాసు రెజిమెంటునే ఎత్తేశారు. వంతెనలు, బాటలు వేసే మద్రాస్ సాపర్లు మిగిలారు. రెండో యుద్ధం ముదిరి మనుషులు చాలక, 1941-42లో ఆ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. ఏళ్ల తరబడి మూసి ఉన్న తలుపు తెరిస్తే మాధవరం ఒక్కసారిగా కదిలింది. రావు బహద్దూర్, పల్లకీ సుబేదార్ బిరుదులందుకున్న సుబేదార్ వెంపల్లి వెంకటాచలం గారి పేరు అక్కడ నేటికీ గర్వంగా చెప్పుకుంటారు.

వీరుల్ని కొలవడం మనకు తెల్లదొరలు నేర్పింది కాదు. పల్నాటి కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు, 12వ శతాబ్దపు వీరుల ఆయుధాలను కొణతాలని పేరు పెట్టి భుజాన మోసుకొస్తారు. అలాగే మాధవరంలో ఢిల్లీ అమర్ జవాన్ తరహాలో స్మారకం కట్టుకున్నారు. పంద్రాగస్టుకు వెళ్లి చూడాలి. మాజీ జవాన్లు ఇస్త్రీ చొక్కా ఎడమ జేబు మీద పతకాలు వరసగా గుచ్చుకుని వస్తారు. నుదుటి దగ్గరికి లేచిన చెయ్యి వణుకుతుంది, మోచెయ్యి మాత్రం కిందికి వాలదు. వెనకాల బంతిపూల దండలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడతారు. కొత్తగా సెలక్షనైన కుర్రాళ్లూ అక్కడే దండం పెట్టుకుంటారు. పోయినవాళ్లకు నివాళీ, పోబోయేవాళ్లకు వీడ్కోలూ ఆ ఊళ్లో ఒక్కచోటే జరుగుతాయి.

ఇప్పుడైతే మువ్వన్నెల జెండా కప్పి శవపేటికను ఇంటికి తెస్తారు, తుపాకులు పేల్చి వందనం చేస్తారు. ఆనాడు సముద్రం దాటి పోయినవాడి శరీరం వచ్చేది కాదు. బర్మా యుద్ధంలో చనిపోయి, సమాధి ఎక్కడో తెలియని సుమారు 27,000 మంది పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. వాళ్లలో మన దేశపు సిపాయిలు ఎందరో. చితి పేర్చుకోలేని, అస్థికలు గోదావరిలో కలుపుకోలేని ఇళ్లకు, దండ వేయడానికి ఊళ్లో ఒక రాయి ఉండటం ఎంత ఊరటో ఆలోచించండి.

నాకున్న కోరిక ఒక్కటే. 1110 అనే అంకె చాలదు, 1110 పేర్లు కావాలి. డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చదువుతున్న పిల్లలు ఈ సెలవుల్లో మాధవరం ఇంటింటికీ తిరగాలి. ట్రంకు పెట్టెల్లో డిశ్చార్జి కాగితాలు, పెన్షను పుస్తకాలు మిగిలి ఉంటే ఫొటోలు తీయాలి. ఒక్కో మనిషి పేరు, పటాలం, వెళ్లిన దేశం, తిరిగొచ్చాడో లేదో రాసిపెట్టాలి. 1942లో పద్దెనిమిదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు వంద దాటాయి. వాళ్ల కొడుకులు, కూతుళ్లు డెబ్బైల్లో ఉన్నారు. ఇప్పుడు వెళ్లి అడిగితే చెప్పగలరు.