కాకినాడలో కోరికకు శిక్షణ

సొంతంగా వ్యాపారం పెట్టాలన్న కోరిక ఎక్కణ్ణుంచి వస్తుంది? "అది రక్తంలో ఉండాలండీ" అనేస్తారు మన ఊళ్ళల్లో. రక్తం అంటే చాలాసార్లు కులం అనే అర్థం. 1960ల్లో ఈ మాటని పరీక్షకు పెట్టిన ఊరు మన దగ్గరే ఉంది: కాకినాడ.

పరీక్ష పెట్టినవాడు హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలండ్. 1961లో ఆయన 'ది అచీవింగ్ సొసైటీ' అనే పుస్తకం రాశాడు. దేశం ఎదగడానికి డబ్బూ యంత్రాలూ చాలవు, చేసే పనిని ఇంకా బాగా చేసి చూపించాలన్న తపన మనుషుల్లో ఉండాలి అన్నది అందులో వాదన. ఆ తపనని కొలవడానికి ఆయన వెతికిన చోటు తమాషాగా ఉంటుంది. పిల్లల వాచకాలు! ఏ దేశం తన పిల్లలకు ఎలాంటి కథలు చెబుతోందో చూసి, ఆ దేశం ఆర్థికంగా ఎటు పోతుందో అంచనా కట్టాడు.

మరి చిన్నప్పుడు అబ్బని తపనని పెద్దయ్యాక నేర్పొచ్చా? అది తేల్చడానికే 1964లో కాకినాడ వ్యాపారులు కొందరిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించారు. పోల్చి చూడ్డానికి శిక్షణ ఇవ్వని ఊరు ఒకటి కావాలి కదా, దానికి రాజమండ్రిని ఎంచుకున్నారు.

అక్కడ నేర్పింది ముఖ్యంగా పద్దులు రాయడమో సరుకు అమ్మడమో కాదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు. ఆ కథలో మనిషి ఏం కోరుకుంటున్నాడు, అడ్డంకి వస్తే ఏం చేస్తున్నాడు అని రాసినవాళ్ళ చేతే విడదీయిస్తారు. మెక్లెలండ్ పరిశోధనల్లో రింగులు విసిరే ఆట కూడా ఒకటుంది. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరిష్టం వాళ్ళది. మరీ దగ్గరైతే గెలిచినా మజా ఉండదు, మరీ దూరమైతే అంతా అదృష్టమే. తపన ఉన్నవాడు కష్టమైనా అందే దూరంలో నిలబడతాడని ఆయన లెక్క. ఇది చాలామంది అనుకునేదానికి వ్యతిరేకం. ఉద్యమి అంటే జూదరి కాదన్నమాట.

1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి ఫలితాలను పుస్తకంగా తెచ్చాడు. శిక్షణ పొందినవాళ్ళు మిగతావాళ్ళ కంటే చురుగ్గా కొత్త పనులు మొదలెట్టారు, పెట్టుబడులు పెట్టారు, మరికొందరికి పని కల్పించారు. కులం, ఆచారాలు దీనికి పెద్దగా అడ్డు రాలేదని కూడా తేలింది. 'రక్తం' వాదనకి ఇది గట్టి దెబ్బే.

అయితే ఈ కథలో మనం దాటేసే ముక్క ఒకటుంది. మార్పు బాగా కనిపించింది ఎవరిలో? తమ సంస్థలో నిర్ణయాలు తమ చేతుల్లోనే ఉన్నవాళ్ళలో. తపన అందరిలోనూ రగల్చొచ్చేమో గానీ, అది పనిగా మారాలంటే గల్లాపెట్టె తాళం చేతిలో ఉండాలి. పైగా ఆ శిక్షణకి వెళ్ళినవాళ్ళు అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్ళు. దుకాణమే లేనివాళ్ళని, అప్పు పుట్టనివాళ్ళని ఆ పరీక్ష అడగనే లేదు.

కాకినాడ ప్రయోగంలో మొదటి సగమే మనం గుర్తు పెట్టుకున్నాం. ఇవాళ స్టార్టప్ వేదికల మీద వినబడేదంతా అదే: కసి ఉంటే చాలు, దేన్నైనా సాధించొచ్చు. ఆ మాట వినడానికి బావుంటుంది. కానీ అది నిజమైతే, ఓడిపోయిన ప్రతివాడికీ కసి చాలలేదనే తీర్పు మిగులుతుంది. రెండో సగాన్ని కూడా గుర్తు పెట్టుకుంటే, "నీకు తపన ఉందా?" అని అడిగే ముందు "నీ చేతిలో ఏముంది?" అని అడుగుతాం.