తోకకు డబ్బా కట్టినా తగ్గని వేగం



మన పిల్లల్లో చాలామందికి ఒక నమ్మకం ఉంది. బండికి సైలెన్సర్ పీకేస్తే బలం పెరుగుతుందని. రాత్రి పదకొండింటికి వీధి అదిరేలా పోయేవాణ్ణి ఆపి అడిగితే "పికప్ కోసం మామా" అంటాడు. వాడు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఇదే తగువు వందేళ్ళ కిందట ఇంగ్లండులో నడిచింది. ఆ చరిత్ర ఈ వారం రాస్తున్నాను.

లండను దగ్గర సర్రీలో బ్రూక్‌లాండ్స్ అనే రేసు ట్రాక్ ఉండేది. హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి తన స్థలంలో, తన డబ్బుతో కట్టించి 1907లో తెరిచాడు. కాంక్రీటు పోసి, మలుపుల్లో గోడలా పైకి లేపి కట్టారు. చుట్టుకొలత సుమారు రెండు ముప్పావు మైళ్ళు. తెరిచిన కొద్ది రోజులకే ఎస్.ఎఫ్. ఎడ్జ్ అనే ఆయన అక్కడ 24 గంటలు కారు తోలి రికార్డు పెట్టాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు ఆ రాత్రి నిద్ర లేదు. ఆ తర్వాత రాత్రి పరుగులు బంద్. 1929లో అక్కడ 24 గంటల పోటీ పెట్టినప్పుడు కూడా పగలు 12 గంటలు తోలి, రాత్రికి కార్లు లోపల పెట్టి తాళం వేసి, మర్నాడు మిగతా 12 గంటలు తోలారు. అందుకే దానికి 'డబుల్ ట్వెల్వ్' అని పేరు.

పగటి శబ్దం మీద కూడా పొరుగువాళ్ళు ఊరుకోలేదు, కోర్టుకు వెళ్ళారు. చివరికి 1920ల నడుమ ట్రాక్ వాళ్ళు నిబంధన పెట్టారు. ప్రతి బండికీ సైలెన్సర్ ఉండి తీరాలి. పొగగొట్టం మధ్యలో పెద్ద రేకు డబ్బా, చివర చేప తోకలా చదునైన మూతి. దానికి 'బ్రూక్‌లాండ్స్ క్యాన్' అనే పేరు నిలిచిపోయింది.

సరిగ్గా ఆ కాలంలోనే స్పోర్ట్స్ కార్లకు సూపర్‌చార్జర్లు వచ్చాయి. ఇంజన్ తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, ఇంజన్ బలంతోనే తిరిగే ఒక బ్లోయర్ పెట్టి గాలిని లోపలికి తోయడమే సూపర్‌చార్జర్ పని. నాలుగున్నర లీటర్ల బెంట్లీ మామూలుగా 110 హార్స్‌పవర్ ఇచ్చేది. టిమ్ బర్కిన్ పట్టుబట్టి బ్లోయర్ పెట్టించాక రోడ్డు కారు 175, రేసు కారు 240 దాకా ఇచ్చింది. కంపెనీ పెట్టిన డబ్ల్యు.ఓ. బెంట్లీకి మాత్రం ఆ పని ఇష్టం లేదు.

ఎక్కువ గాలి వెళితే ఎక్కువ పెట్రోలు కాలుతుంది, ఎక్కువ పొగ బయటికి రావాలి. పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తి లేవకపోతే రెండో పంక్తి కూర్చోలేదు కదా, ఇంజన్‌లోనూ అంతే. గొట్టం ఇరుకైతే కాలిన పొగ సిలిండర్‌లోనే కొంత మిగిలిపోతుంది. దాన్ని తోయడానికి పిస్టన్ బలం ఖర్చవుతుంది. అందుకే సూపర్‌చార్జర్ ఉన్న కారుకు పొగదారి సరిచేస్తే మామూలు కారుకంటే ఎక్కువ లాభం కనబడుతుంది.

ఇందులో ఒక వింత ఉంది. పొగదారి వెడల్పు చేశాక బ్లోయర్ ఒత్తిడి చూపే ముల్లు ఒక్కోసారి కిందికి దిగుతుంది. బలం తగ్గిందని భయపడతారు. నిజానికి గాలికి అడ్డం తగ్గింది కాబట్టి ఒత్తిడి తగ్గింది. లోపలికి వెళ్ళే గాలి పెరిగి ఉంటుంది. అలాగని గొట్టం మరీ లావు చేసినా నష్టమే. పొగ వేగం తగ్గి, తక్కువ స్పీడులో లాగుడు పడిపోతుంది.

ఇక శబ్దం సంగతి. 1932 మార్చిలో బర్కిన్ తన ఒంటి సీటు బ్లోయర్ బెంట్లీతో అదే బ్రూక్‌లాండ్స్‌లో గంటకు 137.96 మైళ్ళు, అంటే సుమారు 222 కిలోమీటర్ల వేగంతో చుట్టు తిరిగి ట్రాక్ రికార్డు కొట్టాడు. ఆ రికార్డు రెండేళ్ళు నిలిచింది. సైలెన్సర్ తప్పనిసరి అన్న ట్రాక్ మీదే ఆ వేగం వచ్చింది. పొగకు దారి వదిలి, మోతను మాత్రం ఆ డబ్బాలో అణచవచ్చని ఆ ఇంజనీర్లు నేర్చుకున్నారు. పొగదారి వేరు, మోత వేరు.

మన పిల్లలు చేసేది దీనికి తలకిందులు. దారి లెక్క చూడరు, మోత మాత్రం పెంచుతారు. గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేయకుండా సైలెన్సర్ పీకితే బండికి దక్కేది స్వల్పం. మన దేశంలో 1989 మోటారు వాహన నియమాల్లో 120వ నియమం ప్రకారం సైలెన్సర్ తప్పనిసరి కూడా. నిజంగా బలం కావాలంటే తెలిసిన మెకానిక్ దగ్గర ముందూ తర్వాతా డైనో మీద కొలిపించమనండి. చెవితో కొలిచే బలం బలం కాదు.

మనం తమిళుల నడుమ ఎన్నో తరాలుగా మంచి పేరుతో బతుకుతున్నాం. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్ల ఉంటుంది, ఎదురింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉంటాడు. బ్రూక్‌లాండ్స్ పొరుగువాళ్ళలా వాళ్ళు కోర్టుకు వెళ్ళేదాకా మనం తెచ్చుకోకూడదు. ఇంట్లో కుర్రవాళ్ళున్నవాళ్ళు ఈ సంగతి ఒకసారి చదివి వినిపించండి.