దారి చూపని ఫిరంగి

చేవెళ్ళ ప్రాంతపు జన్వాడ నుండి తూర్పుగా నాలుగైదు క్రోసులు పోతే గోల్కొండ కోట వస్తుంది. ఉద్యోగంలో ఉన్న కాలంలో ఒకసారి పిల్లలను అక్కడికి తీసుకొనిపోయినాను. పెట్లబురుజు మీది పెద్ద ఫిరంగిని తడిమి చూస్తూ ఒక పిల్లవాడు, “సార్, దీనితోనే కోట గెలిచిన్రా?” అని అడిగినాడు. ఔనన్నట్లు తలయూపి ముందుకు సాగినాను. ఆ తలయూపు తప్పని తరువాత చదివి తెలుసుకొన్నాను. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ నాలుగు మాటలు.

ఆ ఫిరంగి పేరు ఫతే రహబర్. విజయానికి దారి చూపునది అని అర్థం. ఔరంగజేబు 1687 ముట్టడిలో వాడిన పెద్ద ఫిరంగులలో అదొకటి. మన భాషలోని ఫిరంగి శబ్దానికి మూలం ఐరోపావారిని పిలిచిన ‘ఫిరంగీ’ అన్న పేరే. తుపాకి తురుష్క భాష నుండి వచ్చినది. సురేకారం, గంధకం, బొగ్గు కలిస్తే మందు. అందులో సురేకారమే ఇంచుమించు ముప్పాతిక పాలు. అది తడిసినదా, ఎంతటి ఫిరంగియైనా ఇనుపదుంగతో సమానం.

కోటవారికీ ఫిరంగుల విద్య కొత్త కాదు. 1656లో మొగలులు ముట్టడించి మరలిపోయిన పిమ్మట కట్టిన మూసాబురుజు మీద పారశీకంలోను, తెలుగులోను శాసనం ఉన్నది. ఫిరంగుల నీడలో మన అక్షరాలు నిలిచియుండుట చూచి నేను పొందిన సంతోషం ఇంతంత కాదు.

1687 జనవరిలో ఔరంగజేబు సేన వచ్చి కోటను చుట్టుముట్టింది. ముట్టడి మొదటి దినాలలోనే కోట నుండి వచ్చిన ఒక గుండు కిలిచ్ ఖాన్ అనే మొగలు సేనాని చేతిని ఎగురగొట్టినది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతూ ఉంటే, ఆయన రెండవ చేతితో కాఫీ త్రాగుతూ నిబ్బరంగా కూర్చున్నాడని చరిత్రకారులు వ్రాసినారు. కొద్ది దినాలకే కన్నుమూసినాడు. ఆయన సమాధి హిమాయత్‌సాగర్ సమీపాన కిస్మత్‌పూర్‌లో ఉన్నది. 1724లో దక్కనుకు ఏలికయైన మొదటి నిజాం ఈయన మనుమడే. తాతను కూల్చిన నేలను మనుమడు ఏలినాడు!

ఫిరంగులతో పని కాక మొగలులు గోడల క్రిందికి సొరంగాలు త్రవ్వి మందు దట్టించినారు. లోపలివారు పసిగట్టి ఎదురు సొరంగాలు త్రవ్వినారు. తీరా నిప్పంటిస్తే, ప్రేలుడు ముట్టడించినవారి మీదికే తిరిగింది. పైన వానలు, వరదలు. శిబిరంలో కరవు, రోగాలు. ఎనిమిది నెలలు గడచినా గోడ కూలలేదు.

సెప్టెంబరులో ఒక రాత్రి తలుపు తెరచుకొన్నది. తెరచినది గుండు కాదు, లంచం. అబ్దుల్లాఖాన్ పనీ అనే సర్దారు శత్రువులను లోనికి రానిచ్చినాడు. అప్పుడు అబ్దుల్ రజాక్ లారీ కొద్దిమంది అనుచరులతో గుర్రమెక్కి ఎదురు నిలిచినాడు. ఒంటి మీద డెబ్బది గాయాలతో పడిపోయినాడు. ఔరంగజేబే వైద్యులను పంపి ఆయనను బ్రతికించినాడు. తానీషా దౌలతాబాదు చెరకు పోయినాడు.

ఫిరంగికి పేరున్నది, దాని మీద పాదుషా పేరూ ఉన్నది. దానిని ఈడ్చిన ఎద్దులకు, మందు దట్టించిన గోలందాజులకు, సొరంగంలో మట్టి క్రింద పూడిపోయిన కూలివారికి పేర్లు లేవు. వానలో తడిసి వారు పడిన పాట్లు ఏ లోహం మీదా చెక్కబడలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో, పెద్దవాడై ఉంటాడు. కనబడితే చెప్పవలసిన మాట ఇది: “లేదు నాయనా, ఆ ఫిరంగి దారి చూపలేదు. తలుపు లోపలి నుండే తెరచుకొన్నది. నీవు అడిగినదే సరియైన ప్రశ్న. జవాబు తెలియకుండా తలయూపినది నేను.”