మంచుగడ్డ

నీటి ఘనరూపము. సాధారణ వాతావరణ పీడనమునందు 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీరు గడ్డకట్టును. చల్లబడుకొలది కుంచించుకొనుట పెక్కు ద్రవములకు స్వభావమై యుండగా, నీరు మాత్రము 4 డిగ్రీల వఱకే కుంచించి, ఆపై వ్యాకోచింప నారంభించి, ఘనీభవించునపుడు దాని యణువులు షట్కోణాకృతిగల జాలకమున నెడమెడముగ నమరుటచే సుమారు 9 శాతము అధికస్థలము నాక్రమించును. ఈ విచిత్రధర్మము వలననే మంచుగడ్డ నీటిపై తేలుచు, శీతలదేశముల సరస్సులలో అడుగుననున్న జలచరములను కాపాడుచున్నది.

పల్నాటిసీమలో మాచెర్ల సమీపమున చంద్రవంక నది 70 అడుగుల యెత్తునుండి దూకు ఎత్తిపోతల జలపాతము వద్ద పుష్యమాసపు చలిలో సైతము నీరు గడ్డకట్టదు. ఇట్టి ఉష్ణసీమలలో ప్రకృతి ప్రసాదించు మంచుగడ్డ యన్నచో, వేసవి గాలివానలతో అరుదుగా రాలి పైరులను పాడుచేయు వడగండ్లే.

మద్రాసు సముద్రతీరమున 1842లో వెలసిన ఐస్‌హౌస్, అమెరికానుండి ఓడలలో తెచ్చిన గడ్డలను నిలువచేయుటకై కట్టబడినది. నేటి ఐసు ఫ్యాక్టరీలలో, అమ్మోనియా సాయమున చల్లబఱచిన ఉప్పునీటి తొట్టిలో మంచినీటి డబ్బాలను ముంచి దిమ్మలు తీయుదురు. అట్టి దిమ్మ అంచులయందు అద్దమువలె నిర్మలముగను, నడుమ పాలతెలుపుగను కనుపట్టును. వెలుపలినుండి లోనికి గడ్డకట్టుచు వచ్చు నీరు తనలో కరగియున్న గాలిని నడుమకు నెట్టుటయే యిందులకు హేతువు. ఒక గ్రాము మంచుగడ్డ కరగుటకు సుమారు 80 కేలరీల ఉష్ణము కావలెను. పానీయములను అది అంతగా చల్లబఱచుట యిందువలననే.

గడ్డకట్టినంత మాత్రమున నీటిలోని సూక్ష్మక్రిములన్నియు నశింపవు గనుక, పానీయములలో వేయు మంచుగడ్డ శుద్ధజలముతో చేసినదే కావలెను.